గట్టు మీద నుంచి క్రాపీ: పియరా, రాళ్ళకట్టా, పొదల ఒడ్డా?

ఉగాది దగ్గర పడిందంటే డాలస్ చుట్టుపక్కల లేకుల్లో క్రాపీ ఒడ్డుకొచ్చే రోజులు మొదలైనట్టే. ఏడాదిలో మిగతా కాలమంతా ఈ చేప ఎక్కువగా పడవ ఉన్నవాళ్ళకే దొరుకుతుంది. లోతు నీళ్ళలో, మునిగిపోయిన చెట్ల మొదళ్ళ దగ్గర గుంపుగా ఉంటుంది. మార్చి నుంచి ఏప్రిల్ చివరిదాకా మాత్రం గుడ్లు పెట్టడానికి మోకాలి లోతు, నడుం లోతు నీళ్ళలోకి వస్తుంది. పడవ లేని మనకి దొరికేది ఆ రెండు నెలలే.

ప్రతి ఏడూ ఈ సమయానికి తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఒకటే. ఏ లేక్‌కి వెళ్ళాలి, ఏ కర్ర కొనాలి, బతికున్న చిన్న చేపలు ఎరగా పెట్టాలా, జిగ్ అనే కృత్రిమ ఎర వెయ్యాలా? చాలామంది ఎర దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా లెక్కలో ఎర మూడో సంగతి. ముందు చోటు చూసుకోవాలి, తర్వాత లోతు, ఆ తర్వాతే ఎర. పడవలో ఉన్నవాడు చేపని వెతుక్కుంటూ పోతాడు. గట్టు మీద ఉన్న మనం చేప వచ్చే దారిలో నిలబడాలి. అందుకే ఇక్కడ చోటు గురించే ఎక్కువ రాస్తున్నాను.

చేప గురించి రెండు ముక్కలు

క్రాపీ చూడ్డానికి పలకలా వెడల్పుగా, వెండి రంగులో, నల్ల మచ్చలతో ఉంటుంది. తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు రకాలు. తెల్లదానికి మచ్చలు నిలువు చారల్లా వరసగా ఉంటాయి, వీపు మీద ముళ్ళు ఆరుకి మించవు. నల్లదానికి మచ్చలు చెల్లాచెదురుగా ఉంటాయి, ముళ్ళు ఏడో ఎనిమిదో ఉంటాయి. బురదగా ఉండే నీళ్ళని తెల్లది బాగా తట్టుకుంటుంది. తేటనీళ్ళు, నాచు, గడ్డి ఉన్నచోట నల్లది ఎక్కువ. టెక్సాస్ చట్టానికి రెండూ ఒకటే, కాబట్టి దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. దీని కళ్ళు పైకి చూసేలా అమరి ఉంటాయి, తన కన్నా పైన ఉన్న ఎర మీదికే లేస్తుంది. ఎర దాని కిందికి దిగిపోతే పట్టించుకోదు. రెండోది, దీని నోటి చుట్టూ ఉండే చర్మం కాగితమంత పల్చన. గట్టిగా గుంజితే చిరుగుతుంది. కర్ర ఎంపిక దగ్గర్నుంచి చేపని పైకి తీసేదాకా ఈ రెండింటినీ బట్టే నడవాలి.

ఎప్పుడు వెళ్ళాలంటే క్యాలెండర్ కన్నా నీళ్ళ వేడిని నమ్మండి. ఫారెన్‌హీట్‌లో 50 దాటి 55కి చేరుతుంటే చేప లోతు నుంచి కదిలి కోవ్‌ల ముఖద్వారాల దగ్గర గుమిగూడుతుంది. లేక్ పక్కలకి చొచ్చుకెళ్ళిన చిన్న పాయల్ని ఇక్కడ కోవ్‌లంటారు. 60 దాటాక ఒడ్డుకొస్తుంది. 60 నుంచి 68 మధ్య గుడ్లు పెడుతుంది. 70 దాటితే మెల్లగా వెనక్కి పోతుంది. మామూలు థర్మామీటర్ ఒకటి దారానికి కట్టి రెండు నిమిషాలు నీళ్ళలో వదిలితే చాలు, దీనికి వేరే గాడ్జెట్ అక్కర్లేదు.

ఒకే లేక్‌లో కూడా అన్ని ఒడ్లూ ఒకేసారి వేడెక్కవు. ఉత్తరం వైపు ఒడ్డున ఉన్న కోవ్‌లు ముందు వేడెక్కుతాయి. చలిగాలి వచ్చేది ఉత్తరం నుంచి కాబట్టి ఆ గట్టే దానికి అడ్డం. పైగా దక్షిణం నుంచి వంగి వచ్చే ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. మార్చి మొదట్లో అక్కడ చూడండి. మిగతా ఒడ్ల సంగతి తర్వాత.

మూడు రకాల చోట్లు

పియర్ అంటే ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన వంతెనలాంటిది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే సరైనది. నిలబడ్డానికి చదునైన చెక్కలు, పట్టుకోడానికి రెయిలింగ్, దగ్గర్లో బాత్రూము. రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్‌లో ఐల్ డు బ్వా వైపు చేపల పియర్ ఉంది. జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ స్టేట్ పార్క్‌లో దీపాలున్న జెట్టీలున్నాయి. చాలా పియర్ల చుట్టూ చేపలు చేరడానికి చెట్టు కొమ్మలు ముంచి పెడతారు. నీళ్ళు కూడా ఒడ్డుకన్నా లోతు. అందుకే మార్చి మొదట్లో, చేప ఇంకా గుడ్లు పెట్టే గూళ్ళకి రాకముందు, పియరే మేలు. రాత్రి దీపం వెలుతురుకి చిన్న పురుగులు, వాటికోసం షాడ్ అనే చిన్న చేపలు, వాటికోసం క్రాపీ చేరతాయి. పనయ్యాక రాత్రి ఎనిమిదింటికి వెళ్ళేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు లేదు.

పియర్‌కున్న ఇబ్బంది ఎత్తు. మా పాప తొలిసారి పట్టిన మంచి క్రాపీ పియర్ రెయిలింగ్ దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం గాల్లో ఊగి, నోరు చిరిగి టప్పున నీళ్ళలో పడిపోయింది. గాలానికి నోటి చర్మం ముక్క ఒకటి అంటుకుని ఉంది, సిగరెట్ కాగితంలా. పాప చాలాసేపు మాట్లాడలేదు. వారం తిరక్కుండా పొడవాటి పిడి ఉన్న వల కొన్నాను. పియర్ మీదికి వెళ్తుంటే కర్ర కన్నా ముందు వల కారులో పెట్టుకోండి.

ఇంకో మాట. చేపలు గూళ్ళ మీద ఉన్న రోజుల్లో పియర్ చివర్న నిలబడితే లాభం తక్కువ. చేప అప్పుడు మీ వెనక, ఒడ్డుకి ఆనుకున్న నీళ్ళలో ఉంటుంది. జనమంతా చివరికే పోతారు. మీరు మొదట్లోనే, ఒడ్డు దగ్గరున్న స్తంభాల పక్కన వెయ్యండి.

రాళ్ళకట్ట అంటే డ్యాముల వాలు మీద, బ్రిడ్జిల కింద కట్టకి, పడవలు కట్టే మరీనాల చుట్టూ పేర్చిన పెద్ద రాళ్ళు. మన ఊళ్ళలో చెరువుకట్టకి రివిట్‌మెంట్ అంటామే, అదే. ఎండకి రాయి వేడెక్కి పక్కన నీళ్ళని వేడిగా ఉంచుతుంది, రాళ్ళ మీద నాచు, నాచు కోసం చిన్న చేపలు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఎరని నేరుగా లేక్ నడిమికి విసరడం. అలా వేస్తే ఎర చేపలున్న నీళ్ళలో గడిపేది చివరి ఐదారడుగులే. గట్టుకి సమాంతరంగా, రాళ్ళ అంచు వెంబడే, ఆరు నుంచి పదడుగుల దూరంలో వెయ్యండి. అప్పుడు ఎర మొదటినుంచి చివరిదాకా చేప ఉండే నీళ్ళలోనే తిరుగుతుంది. ఈ ఒక్కటి మార్చుకున్నాకే రాళ్ళకట్ట మీద నాకు వరసగా చేపలు పడ్డాయి.

రాళ్ళ మూల తిరిగే చోటు, రాళ్ళు ఆగి మట్టి ఒడ్డు మొదలయ్యే చోటు, కల్వర్టు నోరు, ఈ మూడూ వదలకండి. ఏప్రిల్ చివర్లో షాడ్ గుడ్లు పెట్టడానికి తెల్లవారుజామున రాళ్ళ పక్కకొస్తాయి. గుడ్లు పెట్టి ఆకలిగా ఉన్న క్రాపీ కూడా వాటికోసం వస్తుంది, కానీ సూర్యుడు కాస్త పైకొచ్చేసరికి అంతా అయిపోతుంది. ఆఫీసుకి ముందు గంటన్నర దొరికేవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. జిగ్‌లు పోతాయి, అది తప్పదు. రాళ్ళు ఊగుతాయి, నాచు జారుతుంది. చెప్పులతో వెళ్ళొద్దు, చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు.

పొదల ఒడ్డు నాకు అన్నిటికన్నా ఇష్టం. కోవ్ లోపలికంటా నడిచి వెళ్తే నీళ్ళలో నిలబడ్డ విల్లో మొక్కలు, తుంగ, పడిపోయిన చెట్లు ఉంటాయి. నీళ్ళు 62 నుంచి 66 మధ్య ఉండి, లేక్ నిండుగా ఉంటే, గట్టు మీద నుంచి పట్టేవాడికి ఇంతకు మించిన చోటు లేదు. చేప రెండుమూడు అడుగుల నీళ్ళలో, పొద మొదట్లో ఉంటుంది. మొగచేప తోకతో నేల ఊడ్చి గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక తనే కాపలా ఉంటుంది. ఆ రోజుల్లో దాని ఒళ్ళు బాగా నల్లబడుతుంది. మీకు పడ్డ మొదటి చేప అలా నల్లగా ఉంటే గూళ్ళు దగ్గర్లోనే ఉన్నట్టు, అక్కణ్ణుంచి కదలొద్దు.

అయితే ఈ చోటు పూర్తిగా నీటిమట్టం మీద ఆధారపడి ఉంటుంది. లేక్ మూడడుగులు తగ్గితే పొదలన్నీ ఎండు నేల మీద ఉంటాయి. లూయిస్‌విల్, లవాన్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లేకులు నాలుగూ అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్, కట్టినవి. వాళ్ళు మట్టం వివరాలు రోజూ ఇస్తారు. బయల్దేరే ముందు చూసుకోండి. వానలు పడి మట్టం పెరిగినప్పుడు కొత్తగా మునిగిన గడ్డిలోకి చేప వెంటనే వస్తుంది. ఇంకా, ఆ పొదల్లో కాటన్‌మౌత్ పాములుంటాయి, విషం ఉన్నవి. కాలు పెట్టేముందు కర్రతో తట్టండి.

ఈ మూడిట్లో ఏదని అడిగితే, పిల్లలో పెద్దవాళ్ళో వెంట ఉంటే పియర్‌కే ఓటు. ఒక్కరే, గంట రెండు గంటల టైం ఉంటే రాళ్ళకట్ట. సెలవు రోజు మొత్తం చేతిలో ఉండి, నీళ్ళ వేడీ మట్టమూ కలిసొస్తే ఇంకేం ఆలోచించకుండా పొదల ఒడ్డుకి నడవండి. ఉత్తరపు చలిగాలి కొట్టి, మర్నాడు ఆకాశం నీలంగా మెరుస్తుంటే మాత్రం ఒడ్డు చేప కాస్త లోతుకి జారుతుంది. ఆ రోజు ఎవరైనా పియర్‌కే వెళ్ళాలి.

లోతు

ఒకే పియర్ మీద పక్కపక్కన ఇద్దరు, ఒకే ఎర, ఒకడికి వరసగా పడుతుంటాయి, రెండోవాడికి ఒక్కటీ తగలదు. అలాంటప్పుడు ఎక్కువసార్లు తేడా లోతులో ఉంటుంది. చేప నాలుగడుగుల్లో ఉంటే ఎర మూడడుగుల్లో ఉండాలి. ఎక్కడుందో తెలియనప్పుడు రెండడుగులతో మొదలుపెట్టి, పది నిమిషాలకి ఒకసారి అడుగు చొప్పున కిందికి దించండి. పైనుంచి కిందికే వెతకాలి, ఎందుకంటే ఎర పైన ఉంటే చేప చూస్తుంది.

దీనికోసమే బెండు ఎంపిక. లైనుకి బిగించే గుండ్రటి బెండు మూడడుగుల లోతు వరకూ పనికొస్తుంది. అంతకు మించితే విసరడం కష్టం, బెండు కింద అంత లైను వేలాడుతుంటుంది. జారుడు బెండు అయితే లైను మీద జారుతుంది, పైన చిన్న దారం ముడి దాన్ని ఆపుతుంది. ముడి జరిపితే లోతు మారుతుంది, పన్నెండడుగులైనా సులువుగా విసరొచ్చు. ముడి వెయ్యడం మొదట్లో చికాకు. అయినా ఒకటే కొనాలంటే జారుడుదే కొనండి. చిన్నప్పుడు మా ఊరి చెరువులో జిల్లేడు బెండు కట్టి పట్టినవాళ్ళకి ఇది రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఏ బెండయినా సన్నగా, పెన్సిల్‌లా ఉన్నది తీసుకోండి. లావుది బరువుగా తగిలితే చేప ఎర వదిలేస్తుంది. ఇంకో ముఖ్యమైన గుర్తు: క్రాపీ కొరికితే బెండు ప్రతిసారీ మునగదు. కిందనుంచి లేచి ఎర నోట పెట్టుకుని పైకి పోతుంది, అప్పుడు సీసపు గుండు బరువు తగ్గి నిటారుగా ఉన్న బెండు నీళ్ళ మీద పడుకుంటుంది. చూస్తున్నవాళ్ళు అల తాకిందేమో అనుకుని వదిలేస్తారు. బెండు పడుకుంటే చేప ఉన్నట్టే. గుంజకుండా కర్ర కొస మెల్లగా పైకెత్తండి.

కర్ర: పొడుగుదా, పొట్టిదా

మా బావమరిది ఫ్రిస్కోలో ఉంటాడు, పన్నెండడుగుల పొడుగు కర్ర తప్ప ఇంకోటి ముట్టడు. "విసిరేది ఎందుకు బావా, చేప ఇక్కడ కాళ్ళ దగ్గరుంటే" అంటాడు. పొదల ఒడ్డున అతని మాటే నిజం. రెండు కొమ్మల మధ్య పళ్ళెమంత ఖాళీలోకి ఎరని నిలువుగా దించి, చేప పడగానే నిలువుగా పైకి తీస్తాడు. విసిరితే ఆ ఖాళీలో వెయ్యడం నావల్ల కాదు, వేసినా కొమ్మకి చుట్టుకుంటుంది. మడిచే పొడుగు కర్రలు సెడాన్ కారులోనూ పడతాయి, ధర కూడా తక్కువ.

రాళ్ళకట్ట మీద, పియర్ మీద మాత్రం నేను ఆరున్నర అడుగుల అల్ట్రాలైట్ స్పిన్నింగ్ రాడ్, అంటే రీలు ఉన్న బాగా తేలికపాటి కర్ర, పట్టుకుంటాను. పియర్ మీద పొడుగు కర్ర పక్కవాళ్ళకి అడ్డం, నెత్తి మీద దీపస్తంభాలకి తగులుతుంది. పదేళ్ళ లోపు పిల్లలు దాన్ని పది నిమిషాలు కూడా మొయ్యలేరు. అలాగే రాళ్ళ వెంబడి నలభై అడుగులు విసరాలంటే రీలు ఉన్న రాడ్ కావాలి. మొదటి కర్ర కొంటుంటే ఈ స్పిన్నింగ్ రాడే తీసుకోండి, అన్ని చోట్లా నడుస్తుంది. రెండో ఏడు పొదల్లోకి వెళ్ళాలనిపిస్తే అప్పుడు పొడుగుది. బాస్ చేప కోసం అమ్మే గట్టి రాడ్ మాత్రం వద్దు, అది క్రాపీ నోరు చింపేస్తుంది.

లైను తేటనీళ్ళలో 4 పౌండ్ల బరువు ఆపేది, మామూలుగా 6 పౌండ్లది చాలు. పొదల్లో 8 పౌండ్లది వేసి, సన్నటి తీగ గాలం, 4 లేదా 6 నంబరుది, కట్టండి. కొమ్మకి తగులుకుంటే నిదానంగా లాగండి. లైను తెగే లోపే గాలం సాగి ఊడొస్తుంది, వేళ్ళతో మళ్ళీ వంచుకుని వెయ్యొచ్చు.

మిన్నోనా, జిగ్గా

మిన్నో అంటే బతికున్న చిన్న చేప. పెదవుల గుండా, లేదంటే వీపు ముల్లు వెనక పైపైన గాలం గుచ్చితే చాలాసేపు బతికే ఉంటుంది, దాని కదలికే పని చేస్తుంది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు, చలిగాలి మర్నాడు, చేప బద్ధకంగా ఉన్నప్పుడు మిన్నోకి సాటి లేదు. పిల్లలకీ, మొదటిసారి పట్టేవాళ్ళకీ కూడా ఇదే. కానీ వాటిని కాపాడుకోవాలి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు పోస్తే చచ్చిపోతాయి. థర్మాకోల్ బకెట్, చల్లటి నీళ్ళు, బ్యాటరీతో గాలి కొట్టే చిన్న పంపు కావాలి. మిగిలినవి లేక్‌లో వదలొద్దు.

జిగ్ అంటే సీసపు తల ఉన్న గాలానికి రబ్బరు తోకో, ఈక కుచ్చో. ఔన్సులో 16వ వంతు బరువుది రాళ్ళకట్టకి, 32వ వంతుది లోతు తక్కువ నీళ్ళకీ, బెండు కిందకీ. బురద నీళ్ళలో పచ్చపసుపు, నలుపు కలిసిన రంగు, తేట నీళ్ళలో తెలుపు. ఇంతకు మించి రంగుల మీద డబ్బు పెట్టకండి. జిగ్ ఎక్కువ నీళ్ళు వెతుకుతుంది, చేప పడ్డాక ఎర మార్చే పని లేదు, జేబులో పెట్టుకుని వెళ్ళొచ్చు. చేతికి అలవాటు కావాలి, అదొక్కటే లోటు. మెల్లగా తిప్పాలి, అనుకున్నదానికన్నా ఇంకా మెల్లగా.

నేను జిగ్‌తో వెతుకుతాను. చేప ఉందని తెలిసి కూడా తినకపోతే మిన్నోకి మారతాను. ఒకటే ఎంచుకోమంటే, నీళ్ళు 60 లోపు ఉంటే మిన్నో, దాటితే జిగ్.

లైసెన్సు, అమ్మానాన్నలు

టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు కావాలి. ఆరు నెలలకి పైగా వరసగా ఇక్కడే ఉంటున్నవాళ్ళు రెసిడెంట్లే, దీనికి పౌరసత్వంతో పని లేదు. రెసిడెంట్లకి మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు, ఒక్కరోజుదైతే 11. కొనేముందు ధర ఒకసారి చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రెసిడెంట్లు కారు. వాళ్ళని స్టేట్ పార్క్‌కి తీసుకెళ్ళండి. పార్క్ లోపల ఒడ్డు మీద నుంచి, పియర్ మీద నుంచి పట్టేవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు. ప్రవేశ రుసుము కడితే చాలు. నిజానికి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళెవరైనా మొదటి రెండు మూడు సార్లు ఇలా వెళ్ళడమే మంచిది.

కొలతలు పార్క్‌లో కూడా వర్తిస్తాయి. మామూలుగా చేప 10 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకి 25 దాటకూడదు. నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. తొమ్మిదిముప్పావు ఉంటే వదిలెయ్యండి, తనిఖీ చేసే వార్డెన్ ఉన్నా లేకపోయినా. ఇంటికి నాలుగైదు పెద్దవి చాలు అనుకుంటే, గూటి దగ్గర పడ్డ నల్ల మొగచేపల్ని తడి చేత్తో పట్టుకుని వెంటనే నీళ్ళలో వదలండి. కాపలా లేకపోతే గుడ్లని మిగతా చేపలు తినేస్తాయి.

పులుసా, వేపుడా అన్న ప్రశ్న కూడా ప్రతిసారీ వస్తుంది. క్రాపీ మాంసం తెల్లగా, మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. చర్మం తీసి, పక్కటెముకలు కోసేస్తే ముళ్ళ బాధ దాదాపు లేదు, పిల్లలు భయం లేకుండా తింటారు. చింతపండు పులుసులో మాత్రం మరిగేకొద్దీ ముక్క విడిపోతుంది. పులుసుకి శీలావతో బొచ్చెనో కొనుక్కోండి. దీనికి ఉప్పు, పసుపు, కారం, కొంచెం అల్లంవెల్లుల్లి పట్టించి పావుగంట ఉంచి, బియ్యప్పిండి అద్ది పెనం మీద వెయ్యండి. ముక్క పల్చన కాబట్టి ఒక్కో వైపు రెండు నిమిషాలు చాలు, అంచులు ఎర్రబడగానే దించెయ్యండి.